ఫీజోవా రంగు కారు మీద పసుపు బొట్టు

2024 ఏప్రిల్ నెల. ఆక్లాండ్‌లో స్పోర్ట్స్ కార్లు అమ్మే షోరూంలో నేను చేరి అప్పటికి పన్నెండేళ్ళు. ఒంగోలు నుంచి వచ్చి ఊరి శివారున పాపకూరలో ఇల్లు కొనుక్కున్న మనిషిని. మా ఇంటి ముందు ఉండేది మాత్రం సెకండ్‌హ్యాండ్ కారు. నేను అమ్మే కారు నేను కొనుక్కోలేను. దాని గురించి బాధ కూడా లేదు. మిఠాయి కొట్టువాడు రోజూ మిఠాయే తింటాడా?

ఇలాంటి కారు షోరూంలో నిలబెట్టినదాన్ని చూపించి "ఇదిచ్చెయ్యండి" అంటే దొరికేది కాదు. కొనేవాళ్ళు నా పక్కన కూర్చుని సీటు కుట్టిన దారం రంగు దగ్గర్నుంచి బ్రేకుల దాకా ఒక్కొక్కటీ ఎంచుకోవాలి. దీన్ని మేము స్పెక్ చెయ్యడం అంటాం. అంతా అయ్యాక ఫ్యాక్టరీ ఒక తేదీ ఇస్తుంది. అది ఫ్రీజ్ డేట్. ఆ రోజు దాటితే దేవుడు దిగొచ్చినా దారం రంగు మారదు. తర్వాత కారు తయారవ్వాలి, ఓడెక్కాలి, సముద్రాలు దాటి ఇక్కడికి రావాలి. నా ఉద్యోగంలో సగం అమ్మడమైతే, మిగతా సగం ఎదురుచూసేవాళ్ళకి ధైర్యం చెప్పడం.

ఒక శనివారం పొద్దున్న హామిల్టన్ పక్కన రోటోటూనా నుంచి ఒక జంట వచ్చారు. తెలుగువాళ్ళని చూడగానే నాకు ఉత్సాహం. ఎదురెళ్ళి నమస్కారం పెట్టి, బ్రోషరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"అయ్యో, నాక్కాదండీ," అన్నారాయన, బ్రోషరు భార్య వైపు జరిపి. "నేను హైబ్రిడ్ తోలుకునేవాణ్ణి. కారు మా ఆవిడకి. నేను ఊరికే కాఫీ తాగుదామని వచ్చా."

నాలుక కరుచుకున్నాను. పన్నెండేళ్ళ అనుభవం ఉండి మొదటి నిమిషంలోనే తప్పు చేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి పచ్చటి జామకాయలా ఉండే ఒక ఫీజోవా పండు తీసి నా టేబుల్ మీద పెట్టారు. న్యూజిలాండ్‌లో ఏప్రిల్ వస్తే పెరట్లో ఫీజోవా చెట్టున్న ప్రతివాళ్ళూ సంచులకొద్దీ పంచుతారు, వద్దన్నా వినరు. అలవాటు కొద్దీ "థాంక్సండీ" అంటూ చెయ్యి చాపాను.

"తినడానికి కాదండీ," అని నవ్వారావిడ. "కారు ఈ రంగులో కావాలి. అచ్చం ఈ తొక్క రంగు. మెరవకూడదు."

ఆవిడ పేరు వసుంధర గారు. కాకినాడ మనిషి, యాభై నాలుగేళ్ళుంటాయి, హామిల్టన్‌లో మత్తు డాక్టరు. భర్త మురళి గారిది సాఫ్ట్‌వేర్. మా ఫారంలో "ఈ కారు ఎందుకు కావాలనుకుంటున్నారు" అని ఒక ప్రశ్న ఉంటుంది. చాలామంది దానికి ఇంజన్ శక్తి గురించో, చిన్నప్పుడు గోడకి అంటించుకున్న పోస్టరు గురించో చెబుతారు. వసుంధర గారు కాసేపు ఆలోచించారు.

"పాతికేళ్ళుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల్ని నిద్రపుచ్చుతున్నానండీ. నేను పూర్తిగా మెలకువగా ఉండే పని ఒకటి కావాలి."

ఆ మాటని ఉన్నదున్నట్టు ఫారంలో రాసుకున్నాను.

టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళినప్పుడు నాకు మతి పోయింది. మాన్యువల్ గేరు కారు, ఇంజన్ వెనక. మలుపు ముందు ఆవిడ బ్రేకు మీద కాలుంచి, అదే కాలి మడమతో యాక్సిలరేటర్ని చిన్నగా తొక్కి, గేరు దించారు. కుదుపన్నది లేదు. ఇంజన్ ఒక్కసారి గొంతు పెంచి మళ్ళీ సర్దుకుంది. ఇది మావాళ్ళు ట్రాకు మీద రోజంతా నేర్పినా చాలామందికి పట్టుబడని విద్య.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాను.

"మా బాబాయి జీపు మీద. సరిగ్గా తొక్కకపోతే గేరు పడేది కాదు, ఆయన తిట్టేవారు. ఇక్కడికొచ్చాక అన్నీ ఆటోమేటిక్కులే. ఇన్నేళ్ళయినా కాలు మర్చిపోలేదు చూశారా!"

ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆ రోజు ఆవిడ కంటే నాకే ఎక్కువ సంబరంగా ఉంది.

తర్వాతి ఆరు వారాలు పండగే. ఆసుపత్రి పార్కింగులో స్పీడ్ బంపుకి స్కేలు ఆనించి ఫోటో తీసి పంపారు. అది చూసి ముందు భాగాన్ని కాస్త పైకి లేపే ఆప్షన్ చేర్చాం. రేసు సీట్లలో కూర్చుని చూసి "ఇందులోంచి లేవాలంటే నాకే మత్తివ్వాలి" అని మామూలు సీట్లకి మారారు. మురళి గారు కోరింది ఒకే ఒక్కటి, కాఫీ కప్పు పెట్టుకునే చోటు. రంగు దగ్గర మాత్రం ఆవిడ మెట్టు దిగలేదు. వచ్చినప్పుడల్లా చెట్టు నుంచి తాజాగా ఒక కాయ తెచ్చేవారు. ఇద్దరం బయట ఎండలో నిలబడి రంగు బిళ్ళలు ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూసేవాళ్ళం. పదిహేడో బిళ్ళ సరిపోయింది. ఫ్యాక్టరీ వాళ్ళు దానికి ఏదో పేరు పెట్టుకున్నారు, నా ఫైలు మీద మాత్రం ఫీజోవా అనే రాశాను.

అది మ్యాట్ పెయింట్. అంటే మెరుపు లేని రంగు. చూడ్డానికి ఎంత అందమో, చూసుకోవడానికి అంత కష్టం. మామూలు రంగు మీద గీత పడితే పాలిష్ పెట్టి పోగొట్టొచ్చు. దీన్ని రుద్దితే రుద్దిన మేర మెరుపు తేలి, అది శాశ్వతంగా ఉండిపోతుంది. మరక పడితే మొత్తం ఆ భాగానికే మళ్ళీ రంగు వెయ్యాలి. అందుకే మేము మూడు పేజీల జాగ్రత్తల కాగితం ఇస్తాం. పిట్ట రెట్ట వేస్తే వెంటనే తడపండి, మైనం పుయ్యకండి, నూనె చేత్తో తాకకండి. ఒక్కో లైనూ చదివి వినిపించి, కింద వసుంధర గారి చేత సంతకం పెట్టించాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

కారు ఓడెక్కాక ఆవిడ ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య ఓడ ఎక్కడుందో ఫోనులో చూసుకునేవారు. "ప్రసాద్ గారూ, రెండ్రోజులుగా కదలట్లేదేంటి?" అని మెసేజ్. రేవులో ఆగి ఉంటుందండీ అని నేను.

2025 మార్చిలో కారొచ్చింది. కవరు విప్పుతుంటే మా కార్లు కడిగి సిద్ధం చేసే గ్రాహమ్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న కివీ, ఇక్కడే పుట్టిన మనిషి, తేలిగ్గా దేన్నీ మెచ్చుకోడు. "బాగుంది మేట్," అన్నాడు. అతని నోట అది పెద్ద మాట.

అసలు పద్ధతి ప్రకారం రంగుని కాపాడే పల్చటి పారదర్శకమైన ఫిల్మ్ అతికించాకే కారు ఇవ్వాలి. ఫిల్మ్ వేసేవాళ్ళకి తర్వాతి బుధవారం దాకా ఖాళీ లేదు. ఇంతలో మురళి గారు ఫోన్ చేశారు.

"ఈ శుక్రవారం దాటితే మూఢం అంటండీ. మా అమ్మ ఒకటే పోరు. పదిన్నరకి మంచిదంట. ఏమైనా చెయ్యగలరా?"

"దానికేముందండీ! శుక్రవారమే ఇచ్చేద్దాం. బుధవారం ఫిల్మ్ వేయించుకుందురు గానీ. పూజ సంగతి నాకొదిలెయ్యండి," అన్నాను.

ఎందుకంత ధీమా అంటే, పూజ నా ప్రత్యేకత. మనవాళ్ళు కొత్త బండికి బొట్టు పెట్టకుండా, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించకుండా కదలరు కదా. నా టేబుల్ సొరుగులో ఒక డబ్బా ఉంచేవాణ్ణి. అందులో పసుపు, కుంకుమ, ఊదొత్తులు. కర్పూరం ఉండదు, దాని నల్ల పొగకి అలారం మోగుతుంది. పసుపు నీళ్ళతో కలిపితే ఎండి షోరూం నేల మీద రాలుతోందని మేనేజరు సణిగాడు. అందుకని నువ్వుల నూనె చుక్కలు వేసి కలపడం కనిపెట్టాను. చక్కగా అంటుకుని ఉండేది. ఇంత తెలివి ఎవరికుందని మురిసిపోయేవాణ్ణి.

శుక్రవారం పదిన్నర. వసుంధర గారు ఆకుపచ్చ చీర కట్టుకొచ్చారు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు కానీ చెయ్యి వెయ్యలేదు. "నూనె చేత్తో తాకొద్దన్నారుగా, హ్యాండ్ క్రీమ్ రాసుకున్నా," అన్నారు. మురళి గారు ఫోనులో వీడియో తీస్తున్నారు. నిమ్మకాయలు పెట్టాను, ఊదొత్తులు వెలిగించాను. పళ్ళెం తీసుకున్నాను. చేతి వేళ్ళు ఎప్పుడూ చేసే పని చేసేశాయి. బానెట్ నడిమధ్యన రూపాయి బిళ్ళంత పసుపు, దాని మధ్యలో కుంకుమ.

నిండా మూడు సెకన్లు చేతులు జోడించి నిలబడ్డాను. అప్పుడు తట్టింది. మూడు పేజీల కాగితం రాసిందే నేను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

చేతికి దొరికిన స్ప్రే కొట్టి గుడ్డతో అద్దాను. అది జిడ్డు వదిలించే మందు. పసుపు చూస్తుండగానే ఎర్రగా, ఇటుక రంగులోకి తిరిగింది. ఫీజోవా పచ్చ మీద ఎర్రటి మచ్చ. పది నెలలు ఎదురుచూసిన కారు, పదిహేడు బిళ్ళలు చూసి ఎంచుకున్న రంగు. ఆవిడ ముందే, నా చేత్తోనే పాడుచేశాను.

"రుద్దకు!" గ్రాహమ్ వెనక నుంచి అరిచాడు. పరుగున వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కున్నాడు. "ఎర్రగా ఉంటే ఏదో చెయ్యొచ్చు. మెరిసిందంటే ఇక ఎవరూ ఏం చెయ్యలేరు."

వసుంధర గారి మొహం పాలిపోయింది. తర్వాత ఆవిడ వంగి మచ్చని దగ్గరగా చూశారు. ఆపరేషన్ థియేటర్లో ఏదైనా తేడా వస్తే ఇలాగే వంగి చూస్తారేమో అనిపించింది.

"ఆ స్ప్రేలో క్షారం ఉంటుందా?" గ్రాహమ్‌ని ఇంగ్లీషులో అడిగారు. ఉంటుందన్నాడు. "మరదే. పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడదూ! మా ఇంట్లో తెల్ల జాకెట్లన్నిటికీ అయింది. ముందు దాన్ని నీళ్ళతో కడిగెయ్యండి."

గ్రాహమ్ శుద్ధమైన నీళ్ళు చల్లి, రుద్దకుండా అద్దుతూ మందునీ నూనెనీ తీశాడు. ఎరుపు తగ్గి మళ్ళీ పసుపు తేలింది. ఇక అది కదల్లేదు. మేనేజరు వచ్చి చూసి, కారు ఇక్కడే ఉంచితే కొత్తగా రంగు వేయిస్తామనీ, ఆరు వారాలు పట్టొచ్చనీ చెప్పాడు. ప్రత్యేకమైన రంగు కాబట్టి మిగతా కారుతో కలుస్తుందని హామీ ఇవ్వలేనన్నాడు. నేను తలెత్తలేదు.

"తెల్ల జాకెట్ల మరక ఎలా పోయేదో తెలుసా మీకు?" అన్నారు వసుంధర గారు నాతో.

"ఎండలో వేస్తే..." అన్నాను నీరసంగా.

"ఆఁ! ఇక్కడి ఎండ చెమట పట్టించదు గానీ, కర్టెన్లన్నీ రెండేళ్ళలో వెలిసిపోతాయి. దీన్ని వదులుతుందా? ఎండలోనే పెడదాం."

"వెనక యార్డులో నిలబెట్టిస్తానండీ, నేను కాపలా ఉంటా."

"నిలబెట్టడం దేనికండీ? కదిలితే ఎండ తగలదా?" ఆవిడ తాళం తీసుకున్నారు. "మీరూ ఎక్కండి. తప్పు మీది. శిక్ష అనుభవించండి. ఏవండీ, మీరు వెనకాల రండి."

నిమ్మకాయలు చితికాయి. మేం బయటపడ్డాం.

క్లీవ్‌డన్ దాటి సముద్రం పక్కన రోడ్డెక్కాక నా దిగులు నాకే గుర్తులేదు. కొత్త ఇంజన్ని మొదటి కొన్ని వేల కిలోమీటర్లూ గట్టిగా తిప్పకూడదు, దాన్ని రన్-ఇన్ అంటారు. ఆవిడ ఇంజన్ వేగం చూపే ముల్లుని నేను చెప్పిన గీత దాటనివ్వలేదు. కానీ ఆ గీత లోపలే ఎంత సంతోషముందో! మలుపు తర్వాత మలుపు, మూడు నుంచి రెండు, రెండు నుంచి మూడు, ప్రతి గేరూ మెత్తగా పడుతోంది. కిటికీ అద్దం దించి ఇంజన్ చప్పుడు వింటూ "వింటున్నారా? వింటున్నారా?" అని చిన్నపిల్లలా అడుగుతున్నారు. వింటున్నానండీ, వింటున్నాను. ఇన్నేళ్ళుగా ఎన్నో టెస్ట్ డ్రైవులకి పక్క సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లో నేను నవ్వడం అదే మొదటిసారి. బానెట్ మీద పసుపు మచ్చ కళ్ళెదురుగా మా కంటే ముందు పరిగెడుతోంది.

కయావా ఊళ్ళో ఆగి ఫిష్ అండ్ చిప్స్ కొనుక్కున్నాం. మురళి గారు అరగంట తర్వాత చేరారు. "మీరు కనిపించడం మానేశాక పాటలు పెట్టుకున్నా," అన్నారు. పైన సీగల్స్ తిరుగుతున్నాయి. నేను టవలు పట్టుకుని కారు దగ్గర నిలబడి వాటిని తోలుతున్నాను. రెట్ట పడితే ఇంకేమైనా ఉందా!

"ప్రసాద్ గారూ, వచ్చి కూర్చోండి. చిప్స్ చల్లారిపోతున్నాయి."

"పిట్టలండీ..."

"పిట్టలు వాటి పని అవి చేసుకుంటాయి. రండి."

వచ్చి కూర్చున్నాను. ఎండ నడినెత్తిన మండుతోంది. తిన్నాక ముగ్గురం వెళ్ళి చూశాం. పసుపు సగానికి సగం పల్చబడింది. ఉదయం ముద్ద పసుపు, ఇప్పుడు నిమ్మ తొక్క రంగు. వసుంధర గారు ఎగిరి గంతేశారు. నేను మురళి గారిని కావలించుకున్నాను.

ఆ శని ఆదివారాలు ఆవిడ ఇంటి పట్టున లేరు. రాగ్లన్ నుంచి ఒక ఫోటో, కోరమాండల్ నుంచి ఒక ఫోటో. "మందు డోసు పెంచాను" అని ఒక మెసేజ్. సోమవారానికి పసుపు పూర్తిగా పోయింది. కుంకుమ మాత్రం పోలేదు. దానిలో పసుపు కాక ఇంకేదో రంగు కలిపి ఉంటారు. పక్కకి ఒరిగి చూస్తే చిటికెన వేలి గోరంత గులాబీ ఛాయ ఉండిపోయింది.

బుధవారం ఫిల్మ్ వేయించడానికి వచ్చారు. నేను రంగు వేయించే కాగితాలు సిద్ధం చేసి పెట్టాను. ఖర్చు షోరూందే. మేనేజరు నా మీద కేకలు వేసినా, ఆ మాట మీద నిలబడ్డాడు.

"ఆరు వారాలా?" అన్నారావిడ.

"తప్పదండీ. ఫిల్మ్ వేశామంటే మచ్చ లోపలే ఉండిపోతుంది. ముందు రంగు వేయించుకోవడమే మంచిది. మీరెంత ఇష్టపడి ఎంచుకున్నారో నాకు తెలుసు."

ఆవిడ కారు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. సులువుగా తేల్చుకోలేదు. ఒకసారి వెళ్ళి మచ్చ మీద వేలు కూడా పెట్టి చూశారు.

"మొన్న శుక్రవారం పొద్దున దీన్ని ముట్టుకోడానికి భయపడ్డానండీ. చేతికి క్రీమ్ ఉందని. మీరా బొట్టు పెట్టకపోయుంటే నేను తిన్నగా ఇంటికెళ్ళి గరాజులో పెట్టి, బుధవారం దాకా రోజూ వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఆ తర్వాతా అంతే చేసేదాన్నేమో. ఈ అయిదు రోజుల్లో పన్నెండొందల కిలోమీటర్లు తిరిగాను. రంగొద్దు, ఫిల్మొద్దు. తాళం ఇవ్వండి, సాయంత్రం డ్యూటీ ఉంది."

ఫిల్మ్ అయినా వేయించుకోమని బతిమాలాను. వినలేదు.

ఏడాది తర్వాత మొదటి సర్వీసుకి కారొచ్చింది. మీటరు ఇరవై ఎనిమిది వేలు చూపిస్తోంది. మా దగ్గర కొన్నవాళ్ళలో చాలామందికి అది పదేళ్ళ లెక్క. ముందు భాగమంతా రోడ్డు రాళ్ళు తగిలి పొక్కులు పొక్కులుగా ఉంది, బానెట్ మీద రెండు మూడు చోట్ల పిట్ట రెట్టల గుర్తులు కూడా. కంకర రోడ్డు దుమ్ము తలుపుల సందుల్లో పేరుకుంది. గ్రాహమ్ దాన్ని కడిగి, లైటు వేసి పట్టుకుంటే, నేను వంగి నా కుంకుమ మచ్చ కోసం వెతికాను. ఇటునుంచి చూశాను, అటునుంచి చూశాను. ఇన్ని గుర్తుల మధ్య అది ఎక్కడుందో తెలియలేదు.

ఈ కారు తర్వాత నా పద్ధతులు కొన్ని మారాయి. బొట్టు ఇప్పుడు నంబరు ప్లేటుకి పెడుతున్నాను, నూనె లేకుండా. జంటగా ఎవరొచ్చినా కారు ఎవరికని ముందు అడిగి తర్వాతే బ్రోషరు ఇస్తున్నాను. అవి చిన్న సంగతులు. పెద్ద సంగతి ఇది. ఇన్నేళ్ళూ నేను మనుషుల చేతుల్లో తాళమూ, దాంతోపాటే భయమూ పెట్టి పంపానని నాకు ఆవిడ వల్ల తెలిసింది. కారు తీసుకెళ్ళేవాళ్ళంతా చివర్లో ఒకే ప్రశ్న అడుగుతారు, దీన్ని ఎప్పటికీ ఇలాగే కొత్తగా ఉంచుకోవాలంటే ఏం చెయ్యాలని. ఒకప్పుడు నా జవాబు మూడు పేజీలుండేది. ఆ కాగితం ఇప్పటికీ ఇస్తున్నాను, ఉద్యోగం కాబట్టి. కానీ ముందు నిజం చెబుతున్నాను.

"ఉండదండీ. నడపండి."